పండగ పూట పులికేం పెడతారు?

పోయిన నెల సంచికలో బెర్లిన్ ఏనుగులు క్రిస్మస్ చెట్లు నములుతున్న ఫొటో ఒకటి వేశాం కదా, దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు, మెసేజ్‌లు ఈ శీర్షిక మొదలైన దగ్గర్నుంచి దేనికీ రాలేదు. సగం మంది "మనమూ పెట్టొచ్చా" అని, మిగతా సగం "ఇదేం పైత్యం, జంతువులకి పండగలేంటి" అని. నేను ఒక జూలో ఫీడ్ స్టోర్‌లోనూ ఎన్‌క్లోజర్ల వెనకాలా ఇరవై ఏళ్ళు తిరిగిన మనిషిని, ఏ జూనో చెప్పను, అక్కడ ఇంకా నా వాళ్ళున్నారు. ఈ నెల మొత్తం ఇవే ప్రశ్నలు. మిగతావి, అంటే ఇంట్లో బల్లులు, చేపల తొట్టెలో నాచు వగైరా, వచ్చే నెల చూద్దాం.

ప్ర: అక్కా, ఆ ఫొటో చూసి మా పిల్లలు మన ఇంట్లో క్రిస్మస్ ట్రీ కూడా పండగయ్యాక జూకి ఇచ్చేద్దాం అని ఒకటే గొడవ. అసలు ఆ ఆకులు సూదుల్లా ఉంటాయి కదా, ఏనుగు నోట్లో గుచ్చుకోవా? మా చెట్టు తీసుకుంటారా?
— ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి

జ: మీ చెట్టు ఇవ్వాలన్నా తీసుకోరు బాబూ. బెర్లిన్‌లో కూడా జనం ఇళ్ళలోంచి తీసేసిన చెట్లు పెట్టరు, పండగకి అమ్ముడుపోకుండా వ్యాపారుల దగ్గర మిగిలిపోయిన తాజా చెట్లే జనవరి మొదట్లో తెప్పించుకుంటారు. ఇళ్ళలో పెట్టిన చెట్టు మీద ఏం మందులు కొట్టారో తెలీదు, పైగా ఎంత దులిపినా కొమ్మల మధ్య ఒక సన్నటి తీగో, తళుకు కాగితమో, గాజు బంతి ముక్కో ఉండనే ఉంటుంది, అది ఏనుగు కడుపులోకి పోతే ఇంక చూస్కోండి.

సూదుల సంగతికొస్తే, మన అడవుల్లో ఏనుగు ముళ్ళ వెదురు తింటుంది, తుమ్మ కొమ్మలు తింటుంది, దానికి పైన్ ఆకు ఒక లెక్కా. అయినా ఆ చెట్టులో పెద్ద పోషకాలున్నాయని కాదు ఇచ్చేది. దాన్ని కాలితో తొక్కి పట్టి, తొండంతో కొమ్మ విరిచి, బెరడు వలిచి, సగం తిని సగం వీపు మీద వేసుకుని, అలా గంటలు గంటలు గడుపుతుంది, అందుకని. అడవిలో ఏనుగు రోజులో పదహారు గంటల దాకా తిండి వెతుక్కోవడంలోనే ఉంటుంది. జూలో అదే తిండి ట్రాక్టర్‌లో వచ్చి ముందు పడుతుంది, మరి మిగిలిన టైమంతా అదేం చెయ్యాలి? నిలబడి అటూ ఇటూ ఊగుతుంది. చూసేవాళ్ళు అబ్బ డాన్స్ చేస్తోంది అని వీడియోలు తీసుకుంటారు. అది డాన్స్ కాదు, తోచక.

నేను చేరిన మొదటి సంక్రాంతికి మా ఏనుగుకి చెరుకు తెప్పించాం. నేనేమో వంటింటి బుద్ధితో శుభ్రంగా కడిగించి, ఆకు తీయించి, జానెడు జానెడు ముక్కలు కొట్టించి పెద్ద గంపలో పెట్టి తీసుకెళ్ళా. మావటి పెద్దాయన చూసి ఏమీ అనలేదు గానీ ఒక నవ్వు నవ్వాడు. అయిదు నిమిషాలు పట్టలేదు, గంప ఖాళీ, ఏనుగు మళ్ళీ ఊగడం మొదలెట్టింది. ఆ మర్నాడు కనుమకి ఆయనే ఒక మోపు తెచ్చాడు, ఆకుతో, వేళ్ళతో, వేళ్ళకి మట్టితో సహా, కట్టు కూడా విప్పలేదు, ఎత్తుగా ఒక మొద్దు మీద పడేసి వచ్చేశాడు. అది ముందు వాసన చూసింది, తొండం చాపితే కొసలు మాత్రం అందాయి, లాగింది, రాలేదు, చుట్టూ తిరిగింది, ముందు కాళ్ళు ఎత్తి మొద్దు మీద పెట్టి మోపు కిందకి దొర్లించింది, కాలితో అదిమి కట్టు తెంపింది, ఒక్కో గడా తీసి వేళ్ళ మట్టి పోయేదాకా నేలకేసి టపటపా కొట్టింది, ఆకు చీల్చి పక్కన పెట్టుకుని ముందు గడ తిని తర్వాత ఆకు తింది. మధ్యాన్నం ఒంటిగంట దాటింది. అవే చెరుకులు! ఆ రోజు నాకు అర్థమైంది, నేను పెట్టింది మిఠాయి, ఆయన పెట్టింది పని. జూల్లో దీన్నే ఎన్‌రిచ్‌మెంట్ అంటారు, మావటికి ఆ మాట తెలీదు.

ప్ర: మా కుక్కకి క్రిస్మస్ ప్లమ్ కేక్ ఒక ముక్క పెట్టొచ్చా? చాలా ఆశగా చూస్తోంది.
— గుంటూరు

జ: వద్దు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, కుక్కల కిడ్నీలు పాడవుతాయి. చాక్లెట్ కేకు కూడా వద్దు, చాక్లెట్ కూడా కుక్కలకి విషమే. ఆశగా చూడటం దాని ఉద్యోగం, మీరు కరిగిపోకండి. ఉడకబెట్టిన చికెన్ ముక్క, ఉప్పూ కారం లేకుండా, ఒక పాత గుడ్డలో చుట్టి ముడేసి ఇవ్వండి, విప్పుకోవడంలో పండగ అంతా ఉంది. గుడ్డ మింగే రకం అయితే మాత్రం పక్కనే కూచోండి.

ప్ర: మేడమ్, సూటిగా అడుగుతున్నా. పులికి రంగు కాగితం చుట్టిన డబ్బా ఇవ్వడం, అది చింపుతుంటే వీడియో తీసి పెట్టడం, ఇదంతా జంతువు కోసమా, టికెట్లు అమ్ముకోవడానికా? పులికి క్రిస్మస్ అని తెలుసా, సంక్రాంతి అని తెలుసా?
— విజయవాడ

జ: రెండిటికీనండి, దాచడం ఎందుకు. అమెరికాలో పోర్ట్‌లండ్‌లో ఒరెగాన్ జూ ఉంది, అక్కడ 1999 నుంచీ ఏటా అక్టోబర్‌లో హాలోవీన్ ముందు ఏనుగులకి బండెడంత గుమ్మడికాయలు ఇస్తారు, అవి కాలేసి పటేల్మని తొక్కి తింటాయి, జనం పిల్లల్ని భుజాలెక్కించుకుని చూస్తారు. తారీఖు మన కోసమే. గుమ్మడికాయ మాత్రం ఏనుగుకి నిజమే కదా, అంత పెద్ద కాయ నోట్లో పట్టదు, ఎలా పగలగొట్టాలో అది ఆలోచించుకోవాలి.

పులికి డబ్బా కూడా అలాంటిదే. కార్డ్‌బోర్డు డబ్బాలో మాంసం ముక్క, లేకపోతే కాస్త దాల్చినచెక్క పొడి, లేకపోతే జింకల షెడ్లో పరిచి వాటి వాసన పట్టిన ఎండుగడ్డి. ముందు దూరంగా పడుకుని పావుగంట చూస్తుంది, అసలు చూడనట్టు నటిస్తుంది, తర్వాత పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వచ్చి ఒక్కసారి మీద పడుతుంది. ఆ పావుగంట చూడండి, డబ్బా చింపేది కాదు, వీడియోల్లో ఆ ముందు భాగం కత్తిరించేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మీ అనుమానం అయితే సరైందే, ఒక చిన్న పరీక్ష చెప్తా. ఆ జూ వాళ్ళని ఫిబ్రవరిలో ఒక మామూలు బుధవారం ఏం చేస్తారో అడగండి. మంచి జూలో ఏ రోజు ఏ జంతువుకి ఏమివ్వాలో కీపర్ల దగ్గర ఒక చార్టు ఉంటుంది, ఇవాళ వాసన, రేపు తిండి దాచడం, ఎల్లుండి కొత్త మొద్దు, ఆ తర్వాత ఏమీ లేదు. ఒకే బంతి రోజూ ఇస్తే నాలుగో రోజుకి దాని మొహం కూడా చూడదు, మన పిల్లల బొమ్మల్లాగే. డిసెంబర్ 25కి మాత్రమే డబ్బా దొరికే పులికి అది కానుక కాదు, మీరన్నట్టు షూటింగే.

ఇంకోటి, డబ్బా ఇవ్వడం తేలిక అనుకోకండి. నేనే ఒకసారి ఉత్సాహంగా ఇరవై డబ్బాలు తయారుచేసి వరసగా పెట్టా, సీనియర్ కీపర్ వచ్చి ఒక్కోటి చేత్తో తడిమి చూసి రెండిట్లోంచి స్టేప్లర్ పిన్నులు తీసి నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. టేపు ఉండకూడదు, పిన్ను ఉండకూడదు, మెరిసే రంగులుండకూడదు, తాడు ఉంటే పేగుల్లో చిక్కుకుంటుంది. ఆ పిన్నులు చాన్నాళ్ళు నా టేబుల్ సొరుగులో ఉండేవి.

ప్ర: అక్కా నమస్తే. మా దోస్తు చెప్పిండు, జూల పులులకు వారంల ఒకరోజు ఉపాసం పెడ్తరట. సోమవారం అని చెప్పిండు, శివునికనా? నవ్వకురి, నిజంగనే అడుగుతున్న.
— కరీంనగర్

జ: నవ్వలేదు తమ్మీ, అంటే కొంచెం నవ్విన. ఉపవాసం మాట నిజం. మన దేశంలో చాలా జూల్లో పులులకి, సింహాలకి వారంలో ఒక రోజు మాంసం పెట్టరు. ఏ రోజు అన్నది ఆ జూ ఇష్టం. హైదరాబాద్ జూకి సోమవారం సెలవు, బహుశా మీ దోస్తు రెండూ కలిపేసుకున్నడు.

కారణం కడుపుదే. అడవిలో పులికి రోజూ వేట దొరకదు, వేసిన ప్రతి ఎత్తూ పారదు, ఎక్కువసార్లు తప్పిపోతుంది. దొరికిన రోజు ఒక్క పూటలోనే ముప్ఫై కిలోల పైన లాగించి రెండు మూడు రోజులు అక్కడక్కడే పడుకుంటుంది. ఆ ఒళ్ళు అట్లా తయారైంది. జూలో ఎనిమిది పది కిలోలు రోజూ టైముకి వస్తే కదలకుండా కొవ్వు పడుతుంది. ఒక రోజు ఖాళీ ఉంటే మర్నాడు కళ్ళల్లో వెలుగు వేరే ఉంటది, గేటు చప్పుడుకే లేచి నిలబడతది. కొన్ని దేశాల్లో ముక్కలు కొట్టకుండా ఎముకలతో, తోలుతో మొత్తం కళేబరం ఇస్తారు, దాన్ని చీల్చుకోవడానికి మెడ, దవడ, పంజా అన్నీ పనిచెయ్యాలి. చూసేవాళ్ళకి కడుపులో తిప్పుద్ది, పులికి అదే పెళ్ళి భోజనం.

ప్ర: మా బాబు అయిదో పుట్టినరోజు జూలో చేద్దామనుకుంటున్నామండి. బాబు చేత్తో జింకలకీ కోతులకీ అరటిపళ్ళు, బిస్కెట్లు పెట్టిద్దామని. పర్మిషన్ ఎవరినడగాలి?
— కూకట్‌పల్లి, హైదరాబాద్

జ: ఎవర్నడిగినా ఇవ్వరమ్మా, ఇవ్వకూడదు కూడా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 38జె అని ఒక సెక్షన్ ఉంది, జూలో జంతువుకి తిండి పెట్టడం, దాన్ని ఆటపట్టించడం, అరుపులతో చికాకు పెట్టడం అన్నీ నేరాలే, జైలు కూడా రాసి ఉంది. బిస్కెట్టుకి జైలేంటి అనుకోకండి. ఒక్క ఆదివారం ఒక్కొక్కరూ ఒక్క బిస్కెట్ వేస్తే ఆ కోతి సాయంత్రానికి ఏమవుతుంది? కవర్‌తో సహా మింగే జింకలు ఉంటాయి, పోస్ట్‌మార్టంలో కడుపులోంచి పాలిథీన్ ముద్ద తీయడం నేను కళ్ళారా చూశా, పిడికిలంత ఉంది, అందులో ఒక చిప్స్ కంపెనీ పేరు ఇంకా చదవడానికి వస్తోంది.

మీకు మంచి దారి ఒకటుంది. నెహ్రూ జూ పార్క్‌లో జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఉంది. అంటే ఇంటికి తెచ్చుకోవడం కాదు, దాని తిండి ఖర్చు మీరు కడతారు. 2020లో ఉపాసన కొణిదెల గారు రాణి అనే ముసలి ఏనుగుని ఏడాదికి దత్తత తీసుకుని అయిదు లక్షలు ఇచ్చారు, పేపర్లో చదివే ఉంటారు. రాణి 1963లో జూ మొదలైనప్పుడు పబ్లిక్ గార్డెన్స్ నుంచి వచ్చిన ఏనుగు, బోనాల ఊరేగింపుకీ, మొహర్రం ఊరేగింపుకీ కూడా నడిచింది, ఎనభై దాటి బతికి 2021లో పోయింది. అంత పెద్ద మొత్తమే అక్కర్లేదు, చిన్న పక్షిని కూడా తీసుకోవచ్చు. బాబు పేరు మీద ఒక చిలకకో, తాబేలుకో కట్టి, అది ఏం తింటుందో వాడికి చూపించండి. కేకు మాత్రం ఇంట్లో.

ప్ర: పోయినేడు కనుమ నాడు ఆవులకి కడుపు నిండా పొంగలి పెట్టాం, మా పక్కింటాయన ఆవు రెండో రోజుకి పడిపోయింది. దిష్టి అన్నారు. ఈసారి ఏం చెయ్యాలో చెప్పండి.
— తెనాలి దగ్గర ఒక పల్లె

జ: ఇది జూ ప్రశ్న కాదు గానీ ఈ నెల అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, జాగ్రత్తగా చదవండి. దిష్టి కాదండీ, అన్నం.

ఆవు పొట్టలో మొదటి సంచి ఒక పెద్ద పులియబెట్టే తొట్టి లాంటిది. అందులో ఉండే సూక్ష్మజీవులు గడ్డికి అలవాటు పడ్డవి. ఒక్కసారిగా బేసిన్ నిండా అన్నమో, పొంగలో, బెల్లమో, పిండో పడితే అది చకచకా పులిసి ఆమ్లం అయిపోతుంది, గడ్డి అరిగించే జీవులు చచ్చిపోతాయి, ఆ పులుపు రక్తంలోకి కూడా ఎక్కుతుంది. కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు మేత మానేస్తుంది, నెమరు వెయ్యదు, పొట్ట ఉబ్బుతుంది, పుల్లటి వాసనతో పల్చగా పారుతుంది, తూలుతుంది, పడుకుంటే లేవదు. పండగ మర్నాడు పశువుల డాక్టర్లకి తీరిక లేకపోవడానికి సగం కారణం ఇదే. పెళ్ళిళ్ళ తర్వాత మిగిలిన అన్నం గోతిలో పారబోస్తే తిన్న గేదెలకీ ఇదే అవుతుంది.

కాబట్టి పొంగలి దేవుడికి పెట్టినట్టు పెట్టండి, దోసెడు, అరిటాకులో. అది కూడా ముందు గడ్డి తిన్నాక. కడుపు నిండా పెట్టాలని ప్రాణం కొట్టుకుంటే పచ్చిగడ్డి పెట్టండి, జొన్న చొప్ప పెట్టండి, చెరుకు ఆకు పెట్టండి. దాన్ని కట్టు విప్పి చెరువు గట్టున తిప్పితే అంతకన్నా పండగ లేదు దానికి. కొమ్ములకి ఇంటి తలుపులకేసే పెయింట్ వెయ్యకండి, పసుపూ కుంకుమా చాలు. ఒకవేళ తేడా కనిపిస్తే నూనె పట్టించడం, మంత్రం వేయించడం అంటూ రాత్రంతా కూచోకుండా వెంటనే 1962కి ఫోన్ కొట్టండి, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ పశువుల అంబులెన్స్ నంబర్ అదే. ఎంత పెట్టారో దాచకుండా చెప్పండి, చాలామంది సిగ్గుపడి దాస్తారు, డాక్టర్‌కి అక్కడే టైము పోతుంది.

ప్ర: జపాన్‌లో ఎలకల్లాంటి పెద్ద జంతువులు నారింజకాయలు తేలే వేడినీళ్ళ తొట్టెలో కళ్ళు మూసుకుని కూచున్న వీడియో నిజమేనా, ఏఐ తోటి చేసిందా?
— బెంగళూరు

జ: నిజమే! ఈ రోజుల్లో అడగడం తప్పు కాదు. వాటిని కాపిబారాలు అంటారు, దక్షిణ అమెరికావి, ఎలకల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దవి. ఇజు షాబోటెన్ అనే జూలో 1982 చలికాలంలో ఒక కీపర్ వేడినీళ్ళతో నేల కడుగుతుంటే, గచ్చు మీద నిలిచిన వేడినీళ్ళ మడుగులోకి కాపిబారాలు వచ్చి గుంపుగా కూచోవడం గమనించాడు. అంతే, వాటికి తొట్టె కట్టారు. ఆ కాయలు యుజు, నిమ్మ జాతివి, చలికాలం మధ్యలో అతి పొట్టి పగలున్న రోజున జపాన్ వాళ్ళు ఆ కాయలేసిన వేడినీళ్ళ తొట్టెలో స్నానం చేస్తారు, మన దీపావళి తలంటు లాగానే అనుకోండి, ఆ రోజుకి వీటికీ వేస్తారు.

నాకు ఇది చాలా ఇష్టమైన కథ ఎందుకంటే ఎవరూ మీటింగ్ పెట్టి కనిపెట్టలేదు. చీపురు పట్టుకున్న మనిషి ఒక క్షణం ఆగి చూశాడు.

ప్ర: పులులకి సెంటు కొడతారంట, మా ఆఫీసులో పందెం వేసుకున్నాం. నేను అబద్ధం అన్నా.
— గచ్చిబౌలి

జ: ఓడిపోయారు, బిర్యానీ పెట్టించండి. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో 2003లో రెండు చీతాల ముందు 24 రకాల సెంట్లు పెట్టి చూశారు, కాల్విన్ క్లైన్ వాళ్ళ అబ్సెషన్ ఫర్ మెన్ దగ్గరే అవి అన్నిటికన్నా ఎక్కువసేపు, పది నిమిషాల పైనే, వాసన చూస్తూ చెంపలు రుద్దుకుంటూ ఉండిపోయాయి. మధ్య అమెరికా అడవుల్లో జాగ్వార్‌లని కెమెరా ముందుకి రప్పించడానికీ అదే వాడారు. మన పొరుగునే, ఆదిలాబాద్ సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్ర యవత్‌మాల్‌లో, 2018లో మనుషుల్ని చంపుతోందని అవని (అటవీశాఖ వాళ్ళ లెక్కలో టీ1) అనే ఆడపులి కోసం వెతికినప్పుడు కూడా ఈ సెంటు వాడి చూశారు. ఆ కథ విషాదంగా ముగిసింది, నవంబర్‌లో అది తుపాకీ గుండుకి పోయింది.

జూల్లో పాత సెంటు సీసాలే వాడతారు, ఒక మొద్దు మీద రెండు చుక్కలు. మా జూలో సెంటు కొనే బడ్జెట్ ఎక్కడిది, మేం జాజికాయ, లవంగం, పుదీనా నలిపి పూసేవాళ్ళం. చిరుతకి పుదీనా నచ్చేది. సింహానికి ఏనుగు పేడ నచ్చేది, దొర్లి దొర్లి ఒంటికి పూసుకునేది, దాని ముందు మీ కంపెనీ సెంట్లు బలాదూర్.

ప్ర: శ్రీశైలం ఘాట్‌లో కోతులకి అరటిపళ్ళు వేస్తే పుణ్యం అని ప్రతి శివరాత్రికీ రెండు గెలలు తీసుకెళ్తాం. ఈమధ్య మా అల్లుడు వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— కర్నూలు నుంచి ఒక పెద్దాయన

జ: అల్లుడి మాటే వినండి బాబాయ్ గారూ, మొదటిసారేమో వినడం. ఆ రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది. పండు కోసం కోతి అడవి వదిలేసి రోడ్డు మీద కాపురం పెడుతుంది, పిల్లని పొట్టకి కరుచుకుని కార్ల మధ్య పరిగెడుతుంది, మలుపులో లారీ వస్తుంది. బతికినవి మనుషుల చేతుల్లో సంచులు లాక్కోవడం నేర్చుకుంటాయి, అప్పుడు ఊళ్ళోవాళ్ళు బోన్లు పెట్టి పట్టించమంటారు. థాయిలాండ్‌లో లోప్‌బురి అనే ఊళ్ళో 1989 నుంచీ కోతులకి ఏటా పెద్ద విందు పెట్టేవాళ్ళు, బల్లల మీద పళ్ళ గుట్టలు, టూరిస్టుల కోసం. చివరికి ఆ ఊరి కోతులు అంగళ్ళ మీద పడి జనం మూటా ముల్లే సర్దుకునేదాకా వచ్చింది, 2024లో ప్రభుత్వం వాటిని పట్టి బోన్లలో పెట్టింది. విందు తిన్నవే.

ఆ రెండు గెలలూ సత్రంలో ఇచ్చెయ్యండి, ఆ పుణ్యం ఎక్కడికీ పోదు.

ప్ర: మీరు ఎప్పుడూ తిండి దాచండి, కష్టపడి తిననివ్వండి అంటారు కదా. మా పిల్లికి అలాగే అట్టడబ్బాకి బొక్కలు పెట్టి లోపల మేత పెట్టా. అది నా మొహం చూసి వెళ్ళి సోఫా మీద పడుకుంది.
— విశాఖపట్నం

జ: అయ్యో, పిల్లి గురించి ముందే హెచ్చరించాల్సింది నేను. 1963లో జెన్సెన్ అనే ఆయన ఎలకల మీద ఒక ప్రయోగం చేశాడు, పక్కన గిన్నె నిండా తిండి ఊరికే పెట్టి, ఇంకో పక్క మీట నొక్కితే గింజ పడేలా పెట్టాడు. చాలా ఎలకలు గిన్నె వదిలేసి మీట నొక్కుకుని తిన్నాయి. తర్వాత పావురాలు, కోళ్ళు, ఎలుగులు, కోతులు, ఇలా చాలావాటి దగ్గర ఇదే కనిపించింది, ఊరికే వచ్చే కూడు కన్నా సంపాదించుకున్నది ముద్దు. ఒక్క ఇంటి పిల్లి మాత్రం "ఊరికే వస్తుంటే నేనెందుకు చెయ్యాలి" అంది. తర్వాత మళ్ళీ చేసి చూసినా అదే జవాబు.

అయితే పిల్లికి వేట ఇష్టమే, పజిల్ ఇష్టం లేదంతే. దారానికి ఈక కట్టి లాగండి, పట్టుకోనివ్వండి, తర్వాత మేత పెట్టండి. ఆట అయ్యాక దారం తీసి దాచండి, మింగితే ఆపరేషనే.

ఇదే అదనులో చిలక గురించి అడిగిన ముగ్గురికీ కలిపి చెప్తున్నా, రామచిలకని పంజరంలో పెంచడం మన చట్టం ప్రకారం నేరం. దానికి ఏం ఆటవస్తువులు కొనాలి అని దయచేసి నన్ను అడగకండి.

ప్ర: సంక్రాంతి సెలవులకి పిల్లల్ని వైజాగ్ జూకి తీసుకెళ్తున్నాం. ఈ డబ్బాలూ ఐసుగడ్డలూ ఇవన్నీ చూడాలంటే ఏ రోజు, ఏ టైముకి వెళ్ళాలండి?
— విజయనగరం

జ: పండగ రోజు మాత్రం వెళ్ళకండి. కనుమ, ముక్కనుమ, జనవరి 1, కార్తీకమాసం ఆదివారాలు, ఇవి మనకి పండగలు గానీ జూలో జంతువులకి ఏడాదిలో కష్టమైన రోజులు. వేల మంది, విజిల్స్, గ్లాసు మీద కొట్టడం, "ఏయ్ లే" అని అరవడం. అలాంటి రోజు జంతువుకి మీరు ఇవ్వగలిగింది డబ్బా కాదు, చాటు. మంచి కీపర్ ఆ రోజు కొత్త వస్తువు ఏదీ లోపల పెట్టడు, వెనక్కి వెళ్ళి దాక్కోవడానికి దారి తెరిచి ఉంచుతాడు. పులి కనపడలేదని టికెట్ కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు నోరు ఊరుకోదు. ఐసుగడ్డలు ఎలాగూ ఎండాకాలం సంగతి, ఏప్రిల్, మే నెలల్లో, పుచ్చకాయ ముక్కలు లోపల గడ్డకట్టించి ఎలుగులకి ఇస్తారు, వట్టివేళ్ళ తడకలు కడతారు, స్ప్రింక్లర్లు పెడతారు. జనవరిలో వాటికెందుకు.

సెలవులు అయ్యే ముందు ఒక మామూలు రోజు, సోమవారం సెలవు కాబట్టి అది కాకుండా, గేటు తీసిన వెంటనే లోపలికి వెళ్ళండి. ఏనుగులూ పులులూ అని పరిగెత్తకుండా నేరుగా ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళి నిలబడండి. పొద్దున్నే కీపర్లు మొద్దుకి బొక్కలు పెట్టి తేనె రాసి వెళ్తే మీ అదృష్టం. మన ఎలుగుకి పైదవడ ముందు పళ్ళు రెండు ఉండవు, ఆ సందులోంచి చీమల్నీ చెదల్నీ గాలితో సహా లాగేస్తుంది, ముక్కు రంధ్రాలు మట్టి పోకుండా మూసుకుంటుంది. ముందు ఫూ అని దుమ్ము ఊదుతుంది, తర్వాత మూతి సున్నాలా చుట్టి బొక్కకి ఆనించి సర్ర్ర్‌మని పీలుస్తుంది, అడవిలో ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. పిల్లల్ని ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమనండి. మా పెద్ద ఎలుగు అయితే తేనె అయిపోయాక కూడా ఆ మొద్దుని కౌగిలించుకుని వెల్లకిలా పడుకుని, అన్ని బొక్కల్లోనూ మళ్ళీ మొదట్నుంచీ ఒక్కోదాన్నీ చూసుకుంటూ వచ్చేది.